టికెట్లు ఉంచాలా, కాన్సిల్ చేయాలా? మహమ్మారి వేళ కుటుంబ ప్రయాణాల చిక్కుముడి

కొత్త జబ్బు ఏదో వ్యాపిస్తోందన్న వార్త రాగానే, ముందే టికెట్లు కొనుక్కున్న ప్రతి ఇంట్లోనూ ఒకే రకం వాదన మొదలవుతుంది. "ఏం కాదులే, అందరూ వెళ్లడం లేదా" అని ఒకరంటారు. "ప్రాణం కంటే ఎక్కువా" అని ఇంకొకరంటారు. గంటసేపు మాట్లాడుకున్నా తేలదు. మనుషులు మొండివాళ్లు కావడం వల్ల కాదు. "వెళ్లడం ప్రమాదమా?" అన్న ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు చిక్కుపడి ఉంటాయి. జబ్బు ఎంతమందిలో ఉంది? ఎవరికి సోకితే ప్రాణం మీదికి వస్తుంది? అక్కడ మంచాన పడితే చూసేదెవరు? ఈ ప్రయాణం వాయిదా వేసుకోగలిగేదేనా? కట్టిన డబ్బు మాటేమిటి? ఒకరు మొదటి ప్రశ్నకు, మరొకరు రెండో ప్రశ్నకు జవాబు చెబుతూ ఒకే విషయం మీద పోట్లాడుకుంటున్నామనుకుంటారు.

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అలాంటిది మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే టెన్షన్ లేని రోజుల్లోనే ఈ చిక్కు విప్పుకోవడం మంచిది.

లెక్క కోసం ఒక ఇల్లు ఊహించుకుందాం. విశాఖలో, మధురవాడలో, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. భార్యాభర్తలు, బడికెళ్లే పిల్లలిద్దరు, 74 ఏళ్ల తల్లి. ఆవిడకు షుగర్, బీపీ. హైదరాబాద్‌లో ఇంటాయన చెల్లెలి కూతురి పెళ్లి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ, ఐదు బెర్తులూ కన్ఫర్మ్ అయ్యాయి. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సిన మేనమామ ఈయనే. పెళ్లికి ఇంకా నెల ఉంది. ఈలోగా గాలి ద్వారా సోకే జబ్బు ఒకటి పెరుగుతోంది.

గాలి ద్వారా అని నేను ముందే చెప్పేశాను గానీ, నిజంగా జబ్బు వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది అదే. కేరళలో పలుమార్లు బయటపడ్డ నిఫా ప్రాణాంతకమైనదే అయినా, ఎక్కువగా రోగిని దగ్గరుండి చూసుకునే ఇంటివాళ్లకు, ఆసుపత్రి సిబ్బందికి సోకింది. బోగీలో అవతలి చివర కూర్చున్నవారికి దానితో వచ్చే ముప్పు వేరు. 2022లో ప్రపంచమంతా కలవరపడ్డ ఎంపాక్స్ ముఖ్యంగా ఒంటికి ఒళ్లు తగిలితే అంటుకునేది. పేరు వినగానే గుండెలు అదిరే జబ్బుకూ, రైలు ప్రయాణంలో సోకే జబ్బుకూ తేడా ఉంటుంది.

ఎవరిని ఎక్కువ దెబ్బతీస్తుందన్నది కూడా జబ్బు జబ్బుకూ మారుతుంది. 1918లో బొంబాయి రేవులో దిగి రైలు మార్గాల వెంట దేశమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజా, 20 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్న దృఢమైన మనుషులనే ఎక్కువగా తీసుకుపోయింది. కోవిడ్ ముసలివాళ్ల మీద పడింది. కాబట్టి "పిల్లలకేం కాదు, పెద్దవాళ్లే జాగ్రత్త" అన్న కోవిడ్ నాటి పాఠాన్ని తర్వాతి జబ్బుకు ఆలోచించకుండా అతికించకూడదు. మన ఊహా కుటుంబం ముందున్నది కోవిడ్ లాంటి జబ్బే అనుకుని ముందుకెళ్దాం.

ఇక టీవీలో కనిపించే అంకె సంగతి. ఈ రోజు బులెటిన్‌లో ఉన్న కేసులు ఈ రోజువి కావు. ఒకరికి ఈ రోజు వైరస్ సోకిందనుకుంటే, తొలినాటి కోవిడ్‌లో లక్షణాలు రావడానికి సుమారు ఐదు రోజులు పట్టేది. రెండు రోజులు "పడిశమేలే" అని ఊరుకుని, ఆ తర్వాత పరీక్షకు వెళ్లి, ఫలితం వచ్చి, ఆ లెక్క బులెటిన్‌లోకి ఎక్కేసరికి వారం, పది రోజులు దాటుతుంది. ఐదు రోజులకోసారి రెట్టింపయ్యే జబ్బయితే, మనం చూస్తున్న అంకెకు అసలు పరిస్థితి మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు. ఆసుపత్రులు నిండేది మరో వారం రెండు వారాల తర్వాత.

2021 వేసవి దీనికి పెద్ద రుజువు. ఆ ఫిబ్రవరిలో దేశంలో రోజుకు 10, 12 వేల కేసులే వస్తున్నాయి. టీకాలు మొదలయ్యాయి, ఇక గండం గడిచిందని చాలామంది వేసవి ప్రయాణాలు పెట్టుకున్నారు. ఏప్రిల్ మొదటి వారంలో రోజువారీ కేసులు లక్ష దాటాయి. 22వ తేదీకి మూడు లక్షలు దాటాయి. మే 6న 4.14 లక్షలు. ఆ ఏప్రిల్ 19న ఖాళీ ట్యాంకర్లతో మహారాష్ట్రలోని కళంబోలి నుంచి బయల్దేరిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది మన విశాఖ ఉక్కు కర్మాగారానికే. 22న ఇక్కడ ప్రాణవాయువు నింపుకుని వెనుదిరిగింది. ఫిబ్రవరిలో టికెట్ కొన్నవారు తప్పు చేశారని కాదు. కొన్న రోజు నిర్ణయాన్నే మే నెల దాకా పట్టుకుని కూర్చోవడం ప్రమాదమైంది. అందుకే కేసుల సంఖ్య కంటే రెండు విషయాలు చూడమంటాను. పరీక్ష చేయించుకున్న వందమందిలో ఎంతమందికి పాజిటివ్ వస్తోంది, అది వారం వారం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఒకటి. వెళ్లే ఊళ్లో ఆక్సిజన్ మంచాలు దొరుకుతున్నాయా అన్నది రెండోది. పాజిటివిటీ రెండు వారాల పాటు 5 శాతం లోపు ఉంటేనే జబ్బు కాస్త అదుపులో ఉన్నట్టని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ గీత ఇంట్లో నిర్ణయానికీ పనికొస్తుంది.

ఇప్పుడు ఆ కుటుంబాన్ని రైలెక్కిద్దాం. జనంలో వందకు ఒకరికి జబ్బు ఉందనుకుంటే, 72 బెర్తుల బోగీలో కనీసం ఒక్కరైనా జబ్బుతో ఉండే అవకాశం సగం కన్నా కాస్త ఎక్కువ. వెయ్యికి ఒకరే అయితే 7 శాతం. అదే 300 మంది వచ్చే కల్యాణ మండపంలో చూస్తే, వందకు ఒకరున్నప్పుడు 95 శాతం, వెయ్యికి ఒకరున్నప్పుడు సుమారు 26 శాతం. ఇది జబ్బున్న మనిషి అక్కడ ఉండే అవకాశమే తప్ప మనకు సోకే అవకాశం కాదు. ఒంట్లో బాగోలేదని తెలిసినవాళ్లు కొందరు ఇంట్లోనే ఆగిపోతారు కూడా. అయినా ఈ లెక్క రెండు సంగతులు చెబుతుంది. ఊళ్లో జబ్బు పదింతలైతే మన నిర్ణయం పూర్తిగా మారిపోవాలి. పైగా అందరూ రైలు గురించి దిగులు పడతారు గానీ, అసలు ముప్పు రైలు దిగాక మొదలవుతుంది.

ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి. ఏసీ బోగీలో రాత్రంతా మాస్క్ పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర త్వరగా తినేసి, మళ్లీ మాస్క్ పెట్టుకుని, సొంత దుప్పటి కప్పుకుని పడుకోవడం కష్టమే గానీ చేయగలిగిన పని. కోవిడ్ కాలంలో రైల్వే దుప్పట్లు, దిండ్లు ఇవ్వడమే మానేసింది, 2022 మార్చిలో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. కొందరు రైలు వద్దని కారు తీసుకుంటారు. పరాయి మనుషులు లేని కారు బోగీ కంటే నయమే. కానీ రైలు దిగినా, కారు దిగినా చేరేది విడిదికే. ఒక గదిలో పదిమంది, జంపఖానా మీద వరసగా పడకలు, దోమలొస్తాయని మూసేసిన కిటికీలు, ఏసీ. అర్ధరాత్రి దాకా కబుర్లు, నవ్వులు, పాటలు. చుట్టాలు కదా, మాస్క్ ఎవరు పెట్టుకుంటారు? తెల్లారితే పంక్తిలో పక్కపక్కనే భోజనం. పన్నెండు గంటల బోగీలో పెట్టుకున్న జాగ్రత్తంతా ఆ ఒక్క రాత్రి ఊడ్చిపెట్టుకుపోతుంది. 2020లో చాలా ఇళ్లలో కూరగాయలను సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టారు. మూసిన గదిలో కలిసి పీల్చే గాలే అసలు దారి అన్న సంగతి జనానికి చేరడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఆలస్యం ఎన్ని పెళ్లిళ్లను విషాదంగా మార్చిందో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి ఎలా వెళ్లాలన్న ప్రశ్న కంటే ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ తినాలన్న ప్రశ్న పెద్దది. విడిది బదులు విడిగా ఒక గది, కిటికీలు తెరుచుకునేది. భోజనం మొదటి బంతిలో, లేదంటే ఆరుబయట. ముహూర్తానికి ముందు వచ్చి, తలంబ్రాలయ్యాక బయల్దేరిపోవడం. ఈ మూడూ కుదిరితే ముప్పు చాలా దిగుతుంది.

ఇక ఎవరికి ఎంత ప్రమాదం. కుటుంబం మొత్తానికి కలిపి "మనకు ప్రమాదం తక్కువే" అనుకోవడంలో అర్థం లేదు. టీకాలు రాకముందు సంపన్న దేశాల్లో వేసిన అంచనాల ప్రకారం, 25 ఏళ్ల వయసులో కోవిడ్ సోకిన పదివేల మందిలో సుమారు ఒకరు చనిపోతే, 55 ఏళ్ల వారిలో వెయ్యికి నలుగురు, 75 ఏళ్ల వారిలో వందకు నలుగురైదుగురు చనిపోయారు. వయసు పదేళ్లు పెరిగితే ముప్పు ఇంచుమించు మూడింతలు. షుగర్ ఉంటే ఇంకాస్త. అంటే ఒకే రైల్లో, ఒకే వరసలో కూర్చున్న మనవడికీ నాన్నమ్మకూ మధ్య ఉన్నది వందల రెట్ల తేడా. నిర్ణయం ఆవిడను దృష్టిలో పెట్టుకుని తీసుకోవాలి, సగటు చూసి కాదు. టీకా వచ్చాక ఈ అంకెలు బాగా తగ్గాయి. అందుకే ఆవిడకు టీకా పడిందా, పడి ఎన్నాళ్లయిందన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఇక్కడ చాలామందికి ఒక సులువైన దారి కనిపిస్తుంది. "అమ్మను ఇంట్లో ఉంచి మనం వెళ్లొద్దాం." సగమే సరైన దారి ఇది. అమ్మ ప్రయాణం చేయలేదు, నిజమే. కానీ ప్రయాణం చేసినవాళ్లు నాలుగో రోజు తెల్లవారుజామున అదే ఫ్లాట్‌కు వచ్చి, అదే హాల్లో కూర్చుని, అమ్మకు పెళ్లి ఫోటోలు చూపిస్తారు. లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి జబ్బును పంచుతాడన్నది కోవిడ్‌లోని అతి పెద్ద మోసం. ఎవరూ దగ్గలేదు, ఎవరికీ జ్వరం లేదు, అయినా అమ్మకు సోకుతుంది.

పరీక్ష చేయించుకుని నెగటివ్ వస్తే చాలు కదా అంటే, చాలదు. సోకిన మర్నాడు చేస్తే దాదాపు ఎవరికైనా నెగటివే వస్తుంది. వైరస్ ఒంట్లో పెరిగితేనే పరీక్షకు చిక్కుతుంది. 2021 సెప్టెంబర్‌లో తిరుమల దర్శనానికి రెండు డోసుల సర్టిఫికెట్ గానీ, మూడు రోజుల లోపు నెగటివ్ రిపోర్టు గానీ తప్పనిసరి చేశారు. అలాంటి నిబంధన గుంపులో జబ్బున్నవారి సంఖ్యను తగ్గిస్తుంది, అది మంచిదే. కానీ ఆ కాగితం మన ఇంట్లో మనిషికి రక్షణ కాదు. పెళ్లి నుంచి వచ్చిన రోజున కాకుండా మూడో రోజు ఒకసారి, ఐదో రోజు మరోసారి చేయించుకుంటే ఆ ఫలితానికి విలువ ఉంటుంది. అప్పటిదాకా అమ్మకు విడిగా గది, విడిగా భోజనం, తలుపు దగ్గర మాస్క్, బాల్కనీ తలుపు బార్లా. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో నలుగురు తిరిగొస్తే అది కుదరదు. ఒక్కరే తిరిగొస్తే కుదురుతుంది. నా దృష్టిలో మొత్తం నిర్ణయాన్ని తేల్చే ప్రశ్న ఇదే. తిరిగొచ్చాక ఆ ఐదారు రోజులు ఎవరు ఎక్కడ పడుకుంటారో చెప్పగలిగితే ప్రయాణం గురించి ఆలోచించవచ్చు. చెప్పలేకపోతే వెళ్లేవారి సంఖ్య తగ్గించాలి.

చిక్కుకుపోవడం ఇంకో సంగతి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు లాక్‌డౌన్ ప్రకటిస్తే అర్ధరాత్రి నుంచే అమల్లోకి వచ్చింది. ప్రయాణికుల రైళ్లు అంతకు రెండు రోజుల ముందే ఆగిపోయాయి. కాశీకి వెళ్లిన మన తెలుగు యాత్రికులు కొందరు వారాల తరబడి అక్కడే ఉండిపోయారు. దేశీయ విమానాలు మళ్లీ ఎగిరింది మే 25న, రెండు వందల రైళ్లు మళ్లీ పట్టాలెక్కింది జూన్ 1న. హైదరాబాద్ నుంచి కారులో రావాలన్నా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్పందన పోర్టల్‌లో పాస్ తీసుకోవాల్సి వచ్చింది. ఈసారి అలాగే జరుగుతుందని కాదు గానీ, మూడు రోజుల ప్రయాణానికైనా నెలకు సరిపడా షుగర్, బీపీ మాత్రలు, మందుల చీటీ, ఆరోగ్య బీమా కార్డు సంచిలో ఉండాలి. అక్కడే ఎవరికైనా జబ్బు చేస్తే పెళ్లివారింట్లో పడుకోబెట్టలేం కదా. ఏ ఆసుపత్రి, తోడు ఎవరు, పిల్లలు ఎవరి దగ్గర అన్నది బయల్దేరే ముందే అనుకోవాలి.

అదే ప్రశ్నను అవతలి వైపు నుంచి కూడా వేసుకోవాలి. మనం వెళ్లే చోటికి మనం ఏం మోసుకెళ్తున్నాం? కేసులు పెరిగితే ఊళ్లో ఉండలేక అరకు పోదామనుకునే వాళ్లుంటారు. కొండగాలి మంచిదే. కానీ అక్కడ జబ్బు ముదిరితే ఏజెన్సీ మనిషిని తీసుకురావాల్సింది వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ దిగి విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రికే. మనకు అది విహారం, అక్కడ సంతలో మనతో మాట్లాడే ముసలమ్మకు అది ప్రాణాంతకం కావచ్చు. అరకు ఎక్కడికీ పోదు. ఆ ప్రయాణం మాత్రం సంకోచం లేకుండా మానుకోవాలంటాను.

వాయిదా వేయగలిగేవి, వేయలేనివి అన్న తేడా ఇక్కడే వస్తుంది. మొక్కుబడుల గురించి పెద్దవాళ్లు కలవరపడటం సహజం. కానీ 2020లోనూ 2021లోనూ సింహాచలం అప్పన్న చందనోత్సవం భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగింది. 2020 జూన్‌లో తిరుమల తెరిచినప్పుడు 65 దాటినవారు, పదేళ్ల లోపు పిల్లలు రావద్దన్నారు. ఆలయాలే ఆ నిర్ణయం తీసుకున్నాక, పుట్టువెంట్రుకలు ఆర్నెల్లు ఆలస్యమైతే దోషమేమీ లేదని ఇంట్లో అమ్మమ్మకు ధైర్యంగా చెప్పవచ్చు. మంచాన ఉన్న తండ్రిని ఆఖరిసారి చూడటం మాత్రం వాయిదా పడదు. అలాంటి ప్రయాణానికి ఎంత ముప్పయినా, జాగ్రత్తలు రెట్టింపు చేసుకుని వెళ్లాల్సిందే. చూడలేకపోయామన్న దుఃఖంతో బతకడం ఎంత కష్టమో కోవిడ్ తర్వాత చాలా ఇళ్లకు తెలుసు. పెళ్లి ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. మేనమామ లేకుండా బుట్ట కదలదు. మిగతా నలుగురూ లేకపోయినా పెళ్లి ఆగదు.

అమ్మమ్మ లేకుండా మనవరాలి పెళ్లేమిటి అంటారా? ఆ ప్రశ్న ఆవిడనే అడగాలి. ముసలివాళ్ల కోసం నిర్ణయాలు వాళ్లు లేనప్పుడు, పక్క గదిలో గుసగుసగా జరుగుతుంటాయి. ఆవిడ వయసుకు ముప్పు ఎంతో, ఆసుపత్రిలో చేరితే పక్కన ఎవరినీ ఉండనివ్వని రోజులు ఎలా ఉంటాయో దాచకుండా చెప్పి, ఏం చేద్దామమ్మా అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు మనకంటే నిబ్బరంగా ఆలోచిస్తారు.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది అన్నిటికంటే చిన్నది. రైల్వే రైలును రద్దు చేస్తే పూర్తి డబ్బు వస్తుంది. మనం రద్దు చేసుకుంటే, కోవిడ్ రోజుల్లో ఉన్న నిబంధన ప్రకారం 48 గంటల ముందు వరకు థర్డ్ ఏసీ కన్ఫర్మ్ టికెట్‌కు మనిషికి 180 రూపాయలు, పైన జీఎస్టీ కోసేవారు. 12 గంటల ముందు వరకు పావు వంతు, 4 గంటల ముందు వరకు సగం కోత, ఆ తర్వాత ఏమీ తిరిగి వచ్చేది కాదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్‌కు అసలే వచ్చేది కాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న రోజునే ఒకసారి చూసుకోవాలి. విమానాల విషయంలో 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా చాలామంది డబ్బు ఇరుక్కుపోయింది. లాక్‌డౌన్‌లో కొన్న టికెట్లకు పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలంది. అంతకుముందు కొన్నవాటికి, వెంటనే ఇవ్వలేని సంస్థలు 2021 మార్చి 31 వరకు వాడుకునేలా క్రెడిట్ ఇవ్వవచ్చంది. ఏదేమైనా, కట్టేసిన డబ్బును చూసి వెళ్లడం మాత్రం చేయకూడదు. వెళ్లినా వెళ్లకపోయినా పోయే డబ్బు అది. ఇంకా పోనిది మాత్రమే లెక్కలోకి రావాలి.

అందుకే ఆ కుటుంబానికి నేను చెప్పేది ఒక తేదీ పెట్టుకోమని. ప్రయాణానికి ఐదు రోజుల ముందు, రైల్వే కోత తక్కువగా ఉన్నప్పుడే. ఆ రోజు మళ్లీ వాదన ఉండకూడదు. షరతులు ఇప్పుడే, నెల ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. హైదరాబాద్‌లో పాజిటివిటీ 5 శాతం లోపు ఉండి పెరగకుండా ఉంటే, విడిగా గది దొరికితే, తిరిగొచ్చాక అమ్మకు దూరంగా ఉండటానికి చోటు కుదిరితే భార్యాభర్తలిద్దరూ వెళ్తారు. పిల్లలను నాన్నమ్మతో ఇంట్లోనే ఉంచి, తోడుగా పిన్నిని పిలిపించుకుంటారు. తిరిగొచ్చిన ఇద్దరూ ఐదారు రోజులు పిన్నిగారి ఖాళీ ఇంట్లోనే ఉండాలి. ఒక్క షరతు తప్పినా మేనమామ ఒక్కరే వెళ్తారు. ఆసుపత్రులు నిండిపోయే స్థితి వస్తే ఆయన కూడా ఆగిపోతారు, బుట్టకు పెళ్లికూతురికి వరసకు మేనమామ అయ్యేవారు ఎవరైనా సాయం పడతారు.

ఇక చెల్లెలికి ఫోన్. మనవాళ్లలో ఎన్నో ప్రయాణాలు "ఏమనుకుంటారో" అన్న ఒక్క భయంతోనే జరుగుతాయి. చివరి రోజు దాకా నాన్చి, బయల్దేరే పూట "అమ్మకు నలతగా ఉంది" అని సాకు చెబితే అవతలివాళ్లు నొచ్చుకుంటారు. నెల ముందే విషయం ఉన్నదున్నట్టు చెబితే వాళ్లకూ ఊపిరాడుతుంది. "చెల్లీ, బుట్ట మోయడానికి నేను రావాలనే ఉంది. అమ్మను మాత్రం తీసుకురాలేను, కోప్పడకు. ఫలానా తేదీన ఎంతమందిమి వస్తామో ఖాయంగా చెబుతాను. మాకు విడిదిలో వద్దు, దగ్గర్లో ఒక గది చూడమని బావగారికి చెప్పు." ఆ తేదీ కేటరింగ్ వాళ్లకు భోజనాల లెక్క ఇచ్చే రోజుకు ముందే పడేలా చూసుకుంటే, పెళ్లివారికి ఆకులు వృథా కావు. అలాంటి ఫోన్లు ఇంకో పదిమంది చుట్టాల నుంచి కూడా వస్తే, మండపం వాళ్లతో మాట్లాడి పెళ్లిని ఆరుబయటికి మార్చుకునే వ్యవధీ వాళ్లకు దొరుకుతుంది.